మలేనా పెట్టెలో పదకొండు గుడ్డలు

హెల్లానెస్, 16 సెప్టెంబరు 2004

చెల్లీ రాకుల్,

ఇవాళ్టి పనులు: బంగాళాదుంపలు రెండు బకెట్లు తవ్వాను. రై రొట్టెలు నాలుగు. దుప్పట్లు ఉతికి ఆరవేశాను, వాన వస్తే తీశాను, వాన పోతే మళ్ళీ ఆరవేశాను. సముద్రం వైపు కిటికీల మీది ఉప్పు తుడిచాను. అత్తగారి మోకాళ్ళకు నూనె రాశాను. నా లోబట్టలు మూడు, చన్నీళ్ళలో, విడిగా.

ఆ చివరి పని గురించే ఈ ఉత్తరం.

నాలుగు రోజులుగా నాకు ముట్టు కాని ముట్టు. రావలసిన రోజుకే మొదలైంది, కానీ ఎరుపు కాదు, కాఫీ మడ్డి రంగు. పొద్దున ఒక చెంచాడు, సాయంత్రం అర చెంచాడు. ఆగిందనుకుని లేచి నిలబడితే మళ్ళీ మరక. తుప్పు పట్టిన మేకు వాసన. నాకు రక్తమంటే జంకు లేదని నీకు తెలుసు. ఏటా తొమ్మిది గొర్రెల రక్తం ఈ చేతులతోనే కలుపుతాను. కానీ ఇది నన్ను అడగకుండా నా ఒంట్లోంచి కారుతోంది.

నాకు నలభై నాలుగు. అమ్మకు నలభై అయిదుకే ఆగిపోయింది. ఇదీ అదే అనుకుంటున్నాను. హానూస్ ఆగస్టు ఆఖరుదాకా ఇంట్లోనే ఉండి చేపల ట్రాలరు ఎక్కాడు. ఆ సంగతి లెక్కలోకి రాదు. రక్తం పడుతోందంటే కడుపు లేనట్టే కదా.

ఫోను చెయ్యకు. ఫోను వంటింటి గోడకుంది, దాని కింద అత్తగారి కుర్చీ ఉంది.

మీ అక్క,
సున్నేవా


ఓర్హూస్, 20 సెప్టెంబరు

అక్కా,

రక్తం పడితే కడుపు లేనట్టే అని నీకెవరు చెప్పారు? మలేనా అత్తయ్యా, గొర్రెలా?

ఆసుపత్రి లాండ్రీలో పదిహేనేళ్ళుగా ఉన్నాను. అన్ని రంగుల రక్తమూ నా చేతుల మీదుగా పోయింది. కడుపుతో ఉన్నా మొదట్లో కొందరికి మరకలు పడతాయట, మా ఆసుపత్రి నర్సు బోధిల్ చెప్పింది. కడుపు దానంతటదే పోతుండటం కావచ్చు, ఏమీ కాకపోవచ్చు, పిండం ఉండకూడని చోట ఉండటమూ కావచ్చు. ఆ చివరిది మాత్రం ప్రమాదమట. ఇంట్లో కూర్చుని ఊహిస్తే తేలదు.

కాఫీ పొడి పొట్లం పంపుతున్నాను. అత్తయ్య ముందు విప్పకు. మధ్యలో పరీక్ష పుల్ల ఉంది. కాఫీ మాత్రం నిజంగా మంచిది, పారెయ్యకు.

రాకుల్


హెల్లానెస్, 24 సెప్టెంబరు

చెల్లీ,

ఇవాళ: చేప పులుసు, గదులు మూడు ఊడ్చాను, ఎల్స్‌బా స్వెటరు మోచేతులు కుట్టాను, కాఫీ జల్లించాను. పుల్ల మీద రెండు గీతలు.

కాసేపు స్నానాలగది నేల మీద కూర్చున్నాను. ఎల్స్‌బా పుట్టినప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసు. పదకొండేళ్ళయింది. రక్తం పరుపు దాటి నేల మీదికి కారింది. మంత్రసాని అప్పుడే చెప్పింది: "సున్నేవా, ఇంకోసారి అంటే ప్రాణం మీద ఆశ వదులుకో." హానూస్‌కు కూడా చెప్పింది. విన్నాడు, తల ఊపాడు, మరిచిపోయాడు. నేను కూడా జాగ్రత్త తప్పాను. నా వయసుకి ఇక రాదనుకున్నాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మన డాక్టరు సెలవు, బదులు వచ్చిన ఆయన ఉన్నాడు. నల్ల మిఠాయి నములుతూ విన్నాడు. పళ్ళు నల్లగా, నాలుక నల్లగా. మంత్రసాని మాట చెప్పాను. "అది పాత సంగతమ్మా," అన్నాడు. "రక్తం పడుతోందంటున్నారుగా, అదే పోతుందేమో. నాలుగు వారాలు ఆగి రండి. పోకపోతే దేవుడిచ్చాడనుకోండి." పరీక్ష చెయ్యలేదు. చెయ్యి కూడా పెట్టి చూడలేదు. ఇంకో మిఠాయి విప్పాడు. ఈ దీవుల చట్టంలో డాక్టరు సంతకం లేకుండా కడుపు తీయించుకోవడం కుదరదు. ఆ సంతకం ఆ నల్ల నోటి మనిషి చేతిలో ఉంది. ఇంటికి వచ్చి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను, ఆయన నన్ను తాకకపోయినా.

నాలుగు వారాలు ఆగితే మీ దగ్గర మాత్రలతో అయ్యే గడువు దాటిపోతుంది. వేళ్ళ మీద లెక్క వేశాను.

పళ్ళు కట్టించుకోవడానికి ఓర్హూస్ వస్తున్నానని అత్తగారితో చెప్పాను. "ఇక్కడ పళ్ళవాడు లేడా?" అంది. "ఖరీదెక్కువ," అన్నాను. ఆవిడకు నచ్చే కారణం అదొక్కటే. 29న విమానం, పొగమంచు పట్టకపోతే. అక్కడి కాగితాలు నువ్వే చూడు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు. హానూస్‌కు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు నేనే చెబుతాను, ఎదురుగా కూర్చోబెట్టి.

సున్నేవా


హెల్లానెస్, 9 అక్టోబరు

చెల్లీ రాకుల్,

ఇవాళ: కత్తులు ఏడు సాన పట్టించాను. ఉప్పు రెండు బస్తాలు. పెద్ద తొట్టి, చిన్న తొట్టి తోమాను. మాంసం ఆరబెట్టే చెక్కగది ఊడ్చాను. గొర్రెల కోత పద్నాలుగున మొదలు.

నువ్వు అయిదో తేదీన విమానాశ్రయంలో మొహం ముడుచుకున్నావు, ఇంకో వారం ఉండమన్నావు. కోత వారం ఏ ఆడదైనా ఇంట్లో లేకపోతే ఊరంతా కారణం వెతుకుతుంది. అందుకే వచ్చేశాను.

నీ దగ్గర ఒక్క మాట కూడా అనలేదు కనుక ఇప్పుడు అంటున్నాను. ఆ స్కానింగు తెర మీద చూసి, లోపల సరైన చోటే ఉందని, ఏడు వారాలని, మాత్రలు చాలని ఆ డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు బరువు దిగింది. మొదటి మాత్ర మింగినప్పుడు ఏమీ అనిపించలేదు. రెండోరోజు దాటాక ఆ నాలుగు మాత్రలు బుగ్గలో పెట్టుకుని కరిగేదాకా కూర్చోవడం, సుద్దముక్క చప్పరించినట్టు. తరువాత నీ స్నానాలగదిలో మూడు గంటలు. కాలేయం ముక్కల్లాంటి గడ్డలు. ఒకటి జారినప్పుడు చప్పుడు వినిపించింది. నువ్వు తలుపు బయట కూర్చుని, "అక్కా, బతికే ఉన్నావా?" అని అయిదు నిమిషాలకోసారి అడిగావు. "ఉన్నాను, నోరు ముయ్యి," అన్నాను. నాకు దుఃఖం రాలేదు. అందరూ వస్తుందన్నారు. నాకు వచ్చింది రోత. నా ఒంటి మీద, ఆ వాసన మీద, గ్రీన్‌లాండ్ దగ్గరెక్కడో హాయిగా చేపలు పడుతున్న మనిషి మీద.

రోజుకు ఎన్ని ప్యాడ్లో లెక్క రాయమన్నావు కదా, రాస్తున్నాను. అయిదో తేదీ: ఆరు. ఆరో తేదీ: అయిదు. ఏడు: నాలుగు. ఎనిమిది: నాలుగు. ఇవాళ సాయంత్రానికి మూడు. మధ్యమధ్య గడ్డలు, మొదట రేగుపండంత, తరువాత చిక్కుడు గింజంత, ఇప్పుడు బఠాణీ గింజంత. నడుము లాగుతోంది. ఇది మామూలేనా?

సున్నేవా


ఓర్హూస్, 12 అక్టోబరు

అక్కా,

మామూలే. నర్సు బోధిల్‌కు నీ పేరు చెప్పకుండా లెక్క చదివి వినిపించాను. రెండు వారాలదాకా ముట్టులా పోవచ్చు, మరకలు నెల పట్టవచ్చు అంది. భయపడవలసింది ఎప్పుడో మళ్ళీ రాస్తున్నాను, గోడకు అంటించకు: గంటకు రెండు ప్యాడ్లు నిండుగా తడిసి, వరసగా రెండు గంటలు అలాగే ఉంటే. లేదా జ్వరం. లేదా చెడు వాసన. లేదా కళ్ళు తిరగడం. అప్పుడు ఇక ఎవరినీ అడగకు, ఆసుపత్రికి పో.

బోధిల్ నీ లెక్క విని, "ఈమె బ్యాంకులో పని చేస్తుందా?" అంది. ప్రతి గడ్డకూ బఠాణీ, చిక్కుడు, రేగుపండు అని కొలత రాసే మనిషిని తను చూడలేదట. మరీ అంత తరచి చూసుకోకు అక్కా. చూసినకొద్దీ ఎక్కువ కనిపిస్తుంది.

ఎవరికీ చెప్పనన్న మాట మీదే ఉన్నాను.

రాకుల్


హెల్లానెస్, 14 అక్టోబరు

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. మీ ఆసుపత్రిలో నా గడ్డల గురించి నవ్వుకున్నారని తెలిసి సంతోషం. ఇక కొలతలు రాయను.

ఇవాళ్టి పనులు మాత్రం రాస్తాను. గొర్రెలు తొమ్మిది. రక్తం రెండు బకెట్లు. రక్తం గడ్డ కట్టకుండా మోచేతిదాకా చెయ్యి పెట్టి కలపడం నా పని, నీకు గుర్తుంది కదా. వేళ్ళకు చుట్టుకునే పీచుల్ని తీసి పారేస్తూ కలిపాను. పదహారేళ్ళనుంచి చేస్తున్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ ఆ వెచ్చదనం, వేళ్ళ సందుల్లో ఆ పీచులు. నీ స్నానాలగది గుర్తొచ్చింది. బకెట్ పక్కన పెట్టి పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. అత్తగారు కిటికీలోంచి చూసింది. లోపలికి వచ్చాక, "పళ్ళు కట్టించుకున్నవాళ్ళకు వాంతులొస్తాయా?" అంది.

"కొందరికి వస్తాయి," అన్నాను.

"ఊఁ. పిండి ఇటు తే. ఎండు ద్రాక్ష ఎక్కువ వెయ్యకు, పెళ్ళి భోజనం కాదు."

ఇద్దరం పక్కపక్కనే నిలబడి రక్తంలో రై పిండి, కొవ్వు, ద్రాక్ష కలిపి గొర్రె పొట్టసంచుల్లో కూరి సూదితో కుట్టాం. పద్దెనిమిది సంచులు. వాటిని ఉడకబెడుతున్నప్పుడు వచ్చే వాసన ఎల్స్‌బాకు పండగ. నాకు ముక్కు మూసుకోవాలనిపించింది.

నీ లెక్క ప్రకారం నాకు భయం లేదు. పొద్దున ఎనిమిదినుంచి మధ్యాహ్నందాకా గంటకు ఒకటి చొప్పున నాలుగు మార్చాను. హద్దు రెండు కదా, నేను సగంలో ఉన్నాను. కళ్ళు కొంచెం తిరిగాయి కానీ అది వాసనకు. నీ దగ్గర కొన్న ప్యాడ్లు ఆరో తేదీకే అయిపోయాయి. దుకాణంలో కొనలేదు. హానూస్ పెదనాన్న కోడలు గల్లాపెట్టె దగ్గర కూర్చుని బుట్టలోది ఒక్కొక్కటీ పైకెత్తి చదువుతుంది. అందుకని మేడమీద అత్తగారి పెట్టెలోని పాత ఫ్లానెల్ గుడ్డలు తీసి వాడుతున్నాను. ఆవిడ కాన్పులప్పుడు కుట్టుకున్నవి, నాలుగు మడతలు, మధ్యలో ఉన్ని దట్టంగా కూరి. పదకొండు ఉన్నాయి. చన్నీళ్ళలో ఉప్పు వేసి నానబెట్టి, కోత గుడ్డలతో కలిపి తీగ మీద వేస్తున్నాను. ఈ వారం ఊళ్ళో ప్రతి తీగ మీదా నెత్తుటి గుడ్డలే. దేవుడి దయ అంటే ఇదేనేమో.

ఇక నా గురించి బెంగ పెట్టుకోకు. నవ్వుకో.

సున్నేవా


ఓర్హూస్, 17 అక్టోబరు

అక్కా,

ఈ ఉత్తరం నీకు ఆసుపత్రి మంచం మీద అందుతుంది. ముందే చెబుతున్నాను: మాట తప్పాను. తిట్టాలంటే తిట్టు.

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. "గంటకు ఒకటి" దగ్గర హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నాలుగు వరసలు దాటాక ఉన్ని దట్టించిన నాలుగు మడతల ఫ్లానెల్ వచ్చింది. అక్కా, ఆ గుడ్డలు నాకు తెలుసు. నీ పెళ్ళయిన ఏడాది మీ ఇంట్లో ఉన్నప్పుడు నేనే ఉతికాను. ఒక్కొక్కటి ఇక్కడి ప్యాడ్లు మూడింటినో నాలుగింటినో మింగుతుంది. నువ్వు సగంలో లేవు. రెండు రోజులముందే హద్దు దాటిపోయావు. లెక్క తప్పకుండా రాశావు, కొలపాత్ర మారిందని మాత్రం చూసుకోలేదు. నేను కూడా అడగలేదు.

అందుకే వంటింటి గోడకు ఫోను చేశాను. అత్తయ్యే ఎత్తింది.

"సున్నేవా ఎక్కడ?" అన్నాను.

"చెక్కగదిలో మాంసం వేలాడదీస్తోంది. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఏం, పళ్ళవాడు ఫోను చెయ్యమన్నాడా?"

"అత్తయ్యా, అక్కకు రక్తం ఆగడం లేదు. కడుపు తీయించుకుంది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

అవతల కుర్చీ కిర్రుమంది. తరువాత ఆవిడ గొంతు, ఉప్పుచేప అమ్మే గొంతు: "కడుపు తీసిన సంగతి నాకు తెలుసు. నా గుడ్డలు నాకు తెలియవా? గొర్రె రక్తం అలా ఎండదు. నాకు అసహ్యంగా ఉంది. నీ గొంతు వింటున్నా అసహ్యంగా ఉంది. పడవకి ఎవరిని పిలవమంటావు? ఆ వాగుడుకాయ ఎనోక్ తప్ప ఇవాళ ఎవడూ లేడు."

"ఎనోక్‌నే పిలవండి."

"పిలుస్తాను. నోరు నేను మూయిస్తాను," అని పెట్టేసింది.

అక్కా, నేను నవ్వలేదు. బోధిల్ కూడా నవ్వలేదు. నేను రాసిన తీరు అలా ఉంది, అంతే. నువ్వు ప్రతి గడ్డా కొలిచి రాస్తూ ఉండి ఉంటే నాకు ముందే తెలిసేది. ఆ వేళాకోళంతో నీ చేత రాయకుండా చేసింది నేనే.

రాకుల్


తోర్షావ్న్ ఆసుపత్రి, 20 అక్టోబరు

రాకుల్,

ఇవాళ్టి పనులు: లేవు. పడుకున్నాను. పెరుగు ఒక గిన్నె. రక్తం మూడు సంచులు, నాలోకి. ఎవరిదో, ఎక్కడిదో. చూడకుండా మొహం అటు తిప్పుకున్నాను.

నీ ఉత్తరం అందేముందు నీకు ఒక ఉత్తరం రాసి చింపేశాను. అందులో నిన్ను ఏమేమి అన్నానో ఇక చెప్పను. లోపల కొంచెం మిగిలిపోయిందట, అది గీకి తీశారు. ఇలా కొద్దిమందికి అవుతుందట, ముందే వచ్చి ఉంటే అరపూట పని అట. ఇక్కడి డాక్టరు కుర్రది, వేళ్ళు సన్నగా ఉన్నాయి. "ఎన్ని ప్యాడ్లు?" అని అడిగింది. నేను చెప్పేలోపు అత్తగారు చేతిసంచిలోంచి ఒక ఫ్లానెల్ గుడ్డ తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇవి. గంటకొకటి," అంది. ఆ పిల్ల దాన్ని చేత్తో నొక్కి చూసి ఇంకేమీ అడగకుండా నర్సును కేకేసింది.

ఆ రోజు జరిగింది ఇదీ. నేను బల్ల ఎక్కి గొర్రె తొడ కొక్కేనికి తగిలిస్తున్నాను. కాలి జోడులో తడి. వంగి చూస్తే రక్తంతో నిండిపోయి ఉంది. గొర్రెలది అనుకున్నాను. చూడు, అప్పుడు కూడా గొర్రెలదే అనుకున్నాను. అత్తగారు తలుపు దగ్గర నిలబడి, "దిగు," అంది. దిగాను, ఆ తరువాత నేల మీద ఉన్నాను. నన్ను దుప్పట్లో చుట్టి ఎనోక్, వాళ్ళ అన్న కలిసి పడవలోకి మోశారు. ఎనోక్, "ఏమైంది, ఏమైంది?" అని నాలుగుసార్లు అడిగాడు.

"ఆడవాళ్ళ రక్తం," అంది అత్తగారు. "ఇంకా వినాలా? గడ్డలెంతెంత ఉన్నాయో చెప్పనా?"

ఎనోక్ మొహం తిప్పుకుని గంటసేపు సముద్రాన్నే చూశాడు. ఆవిడ నా పక్కన రక్తం కలిపే బకెట్ పట్టుకుని కూర్చుంది, వాంతి వస్తే పట్టడానికి. నన్ను ఒక్కసారి కూడా తాకలేదు. ఒక్కసారి కూడా కళ్ళలోకి చూడలేదు. తీరం కనిపించాక అంది: "నువ్వు చేసింది తప్పని అనుకుంటున్నాను. చచ్చేదాకా అలాగే అనుకుంటాను. కానీ నాతో చెప్పకుండా నా పెట్టె తెరిచావు చూడు, అది ఇంకా పెద్ద తప్పు. అడిగి ఉంటే అవి ఎంత తాగుతాయో చెప్పేదాన్ని."

ఆ మాట మీదే పడుకుని ఆలోచిస్తున్నాను. నిన్ను తిట్టే ఓపిక లేదు. తిట్టకుండా ఉండే మనసు కూడా ఇంకా రాలేదు.

సున్నేవా


ఓర్హూస్, 25 అక్టోబరు

అక్కా,

తిట్టు వచ్చినప్పుడు పంపు, దాచిపెట్టుకోకు. కాఫీ పంపుతున్నాను. ఈసారి మధ్యలో ఏమీ లేదు.

రాకుల్


హెల్లానెస్, 28 నవంబరు

చెల్లీ రాకుల్,

ఇవాళ: రొట్టెలు నాలుగు. చెక్కగదిలో మాంసం తిప్పాను, పట్టవలసిన బూజు బాగా పట్టింది, రంగు బాగుంది. ఎల్స్‌బాకు జడ. అత్తగారి మోకాళ్ళకు నూనె. మరకలు ఆగి పన్నెండు రోజులు. నిన్న అసలైన ముట్టు వచ్చింది, ఎర్రగా, బుద్ధిగా. ప్యాడ్లు దుకాణంలోనే కొన్నాను. హానూస్ పెదనాన్న కోడలు పొట్లం పైకెత్తి చదివింది. "గట్టిగా చదువు, వెనక నిలబడ్డవాళ్ళకు వినిపించలేదు," అన్నాను. ఎర్రబడి సంచిలో వేసింది.

ఆ నల్ల నోటి డాక్టరు వెళ్ళిపోయాడు. మన డాక్టరుకు అన్నీ తేదీలతో రాసి ఇచ్చాను, రెండు పేజీలు. చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

హానూస్ ఓడనుంచి ఫోను చేసినప్పుడు, "రక్తం సంచులు నాకు దాచావా?" అని నవ్వాడు. "దాచాను, వచ్చాక మాట్లాడాలి," అన్నాను. అత్తగారు ఫోను కింద తన కుర్చీలోనే ఉంది. లేచి అవతలి గదిలోకి వెళ్ళింది. పదహారేళ్ళలో నేను ఫోను మాట్లాడుతుంటే ఆవిడ ఆ కుర్చీ వదిలి వెళ్ళడం ఇదే మొదలు.

నెలరోజులు నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. నేను తిన్న పళ్ళెం వేరుగా కడిగేది. ఆ రోజు నానబెట్టి వదిలేసిన గుడ్డల్ని కూడా నేను ఆసుపత్రిలో ఉండగా ఆవిడే ఉతికింది. ఎల్స్‌బా చెప్పింది: ముక్కుకు తలగుడ్డ కట్టుకుని, "ఛీ, ఛీ," అంటూ, మూడు నీళ్ళలో. అయినా మరకలు పోలేదు. అందుకని నేను తోర్షావ్న్ నుంచి తెల్ల ఫ్లానెల్ తెప్పించి, మన గొర్రెల ఉన్నే దట్టించి, పదకొండు కొత్తవి కుట్టాను. ఇవాళ ఆవిడ ముందు పెట్టాను.

ఒక్కొక్కటీ తీసి అంచులు లాగి చూసింది. కుట్టు దగ్గరగా ఉందో లేదో గోటితో గీసి చూసింది. లెక్క పెట్టింది. ఒకటి పక్కకు తీసి నావైపు జరిపింది.

"ఇది ఎక్కువ," అంది.

"పదకొండు తీశాను అత్తయ్యా. నా పనుల పుస్తకంలో రాసుకున్నాను."

"నీ పుస్తకం సంగతి నాకు చెప్పకు. ఆ రోజు నీ ఒంటి మీద ఉన్నదాన్ని నేను పొయ్యిలో వేశాను. అది నువ్వు చూడవలసింది కాదు. దాన్ని కాల్చింది నేను, దాని లెక్క నాది."

పది గుడ్డలూ పెట్టెలో సర్ది మూత వేసింది. తాళం వెయ్యలేదు.

పదకొండోది నా అరలో ఉంది. పుస్తకంలో ఇలా దిద్దుకున్నాను: మలేనాకు బాకీ గుడ్డలు పది. ఇచ్చినవి పది. తీరింది.

మీ అక్క,
సున్నేవా